స్పెషల్ బ్రాంచ్ లూప్‌లైనా? ఒక ఎస్ఐ ట్రైనీ ప్రశ్నకు జవాబు

ప్రశ్న ఇది: "ఎస్ఐగా సెలెక్ట్ అయ్యాను, హిమాయత్‌సాగర్ అకాడమీలో ట్రైనింగ్ నడుస్తోంది. హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్, యాంటీ టెర్రరిజం వైపు వెళ్లాలని ఉంది. అక్కడ నిజంగా ఏం చేస్తారు? స్పెషల్ బ్రాంచ్ అంటే లూప్‌లైన్, అటు పోతే కెరీర్ అయిపోయినట్టే అని మా బ్యాచ్ వాళ్లు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి సార్."

తమ్ముడూ, నా సర్వీసులో ఎక్కువ భాగం సిటీ స్పెషల్ బ్రాంచ్‌లోనే గడిచింది, అదీ పాతబస్తీ వైపు. రిటైరయ్యాను కాబట్టి కాస్త స్వేచ్ఛగా రాయగలను, అయినా చెప్పకూడనివి చెప్పను, వాటికోసం ఇన్‌బాక్స్‌లోకి రావొద్దు. మీ బ్యాచ్ వాళ్లు చెప్పింది సగం నిజం. లూప్‌లైనే, అంటే పక్కన పెట్టినట్టుండే పోస్టింగే. స్టేషన్‌లో కూర్చున్నవాడికి ఉండే దర్జా ఉండదు, సైరన్ బండి ఉండదు, చేసిన పని పేపర్లో రాదు, ఎక్కడైనా ఏదైనా జరిగితే మాత్రం "మీకు ముందే ఎందుకు తెలియలేదు" అని మెమో వస్తుంది. మిగతా సగం కోసమే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు వెళ్లాలనుకుంటున్నది ఎక్కడికో నీకే స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే ఈ పని చేసే బోర్డులు మన ఊళ్లో చాలా ఉన్నాయి. సిటీ స్పెషల్ బ్రాంచ్ కమిషనర్ కింద ఉంటుంది, ఊళ్లో ఏం జరుగుతోందో ఆయనకు చెప్పడం దాని పని. కౌంటర్ ఇంటెలిజెన్స్ రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగంలో ఉంటుంది, ఉగ్రవాదం మీద అసలు తవ్వకం వాళ్లది. ఎస్ఐబీ అని వింటావు, అవి రెండున్నాయి, ఒకటి కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరో వాళ్ల ఇక్కడి ఆఫీసు, ఇంకొకటి మావోయిస్టుల మీద పనిచేసే రాష్ట్ర విభాగం, కొత్తవాళ్లు రెండింటినీ కలిపేసి ఎవరికి పంపాల్సిన కాగితం ఎవరికో పంపుతారు. ఆక్టోపస్ అంటే 2007లో పెట్టిన కమాండో దళం, తుపాకీ పట్టుకుని లోపలికి దూరేది వాళ్లు. గ్రేహౌండ్స్ 1989 నుంచి ఉంది, అది అడవి పని. టాస్క్‌ఫోర్స్ పట్టుకొచ్చే వాళ్లు. ముంబై దాడుల తర్వాత వచ్చిన ఎన్ఐఏ కేసు దర్యాప్తు చేసి కోర్టులో నిలబెట్టేది. నీకు కావలసింది తుపాకీ, బ్లాక్ డ్రెస్ అయితే ఆక్టోపస్‌కి అప్లై చేసుకో, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

స్పెషల్ బ్రాంచ్ మనిషి రోజు ఎలా ఉంటుందంటే, ముందు పేపర్లు. తెలుగువే కాదు, ఉర్దూ పేపర్లు సియాసత్, మున్సిఫ్, ఎత్తెమాద్ కూడా. ఎవరు ఎవరి మీద ఏ ప్రకటన ఇచ్చారు, రేపు ఇందిరా పార్క్ దగ్గర ఎవరి ధర్నా, ఎంతమంది వస్తారు, వాళ్లలో వాళ్లకు పడుతుందా. తర్వాత ఏరియాలో తిరుగుడు. ఒక పాస్‌పోర్ట్ వెరిఫికేషన్, ఒక ఫంక్షన్ హాల్ మీటింగ్, ఒక వీఐపీ ప్రోగ్రాం ముందు ఏర్పాట్ల చెకింగ్, ఉప్పల్‌లో మ్యాచ్ ఉంటే అదొకటి. సాయంత్రానికి రిపోర్ట్ వెళ్లాలి. ఆషాఢంలో బోనాలు, తర్వాత గణేశ్, మధ్యలో మొహర్రం బీబీ కా అలం ఊరేగింపు, మిలాద్, హనుమాన్ జయంతి శోభాయాత్ర. ఇంట్లో పండగ చేసుకోవడం అనేది మర్చిపో, మా ఆవిడ చివరి దాకా ఆ విషయం మర్చిపోలేదు. ఇందులో ఉగ్రవాదం ఎక్కడుంది అంటావేమో. రోజూ ఉండదు. కానీ అది వచ్చేనాడు ఆ ధర్నా దగ్గర, ఆ చాయ్ హోటల్ దగ్గర నీకు పరిచయమైన మనిషి నోటివెంటే వస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తా, ఒక్క కేసుదని అనుకోకు, ఇలాంటివి ఎన్నో చూశాం. ఇంటి ఓనర్ ఒకాయన ఫోన్ చేస్తాడు. "సాబ్, పై పోర్షన్‌లో ముగ్గురు పిల్లలు దిగారు, పగలు తలుపు తీయరు, రాత్రి లైట్ ఆర్పరు, ఎవరితో మాట్లాడరు, కిరాయి మాత్రం ఆర్నెల్లది ఒకేసారి ఇచ్చారు." కొత్త ఎస్ఐ అయితే వెంటనే జీపేసుకుని వెళ్లి తలుపు కొడతాడు. అలా కొట్టావంటే రెండు నష్టాలు. వాళ్లు నిజంగా ఏదైనా చేస్తుంటే జాగ్రత్తపడతారు, ఏమీ చేయకపోతే ఆ ఓనర్ గల్లీ అంతటికీ ముఖబీర్, అంటే పోలీసుల ఇన్‌ఫార్మర్ అయిపోతాడు, జన్మలో మళ్లీ ఫోన్ చేయడు. మావాళ్లు చేసే పని వేరు. ఇల్లు చూపించింది ఎవరు, ఆధార్ కాపీ ఇచ్చారా, ఇస్తే అందులో ఉన్న ఊళ్లో వీళ్ల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా, టిఫిన్ ఎక్కడ తింటారు, అక్కడ ఏ భాషలో మాట్లాడుకుంటారు. ఎక్కువసార్లు తేలేది ఏమిటంటే, అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే కాల్ సెంటర్ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, లేకపోతే ఇంట్లోంచి వచ్చేసి పెళ్లి చేసుకున్న జంట, దాక్కోవడానికి తోడుగా ఒక ఫ్రెండు. ఆ సంగతి తేలాక ఓనర్‌కు తిరిగి ఫోన్ చేసి, "భాయ్, ఏం ఫికర్ లేదు, మంచి పిల్లలే, మీరు చెప్పడం మాత్రం మంచిదైంది" అనాలి. చాలామంది ఈ ఫోన్ చేయరు. మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఈ రెండో ఫోన్‌నే.

అంత చిన్నదాన్ని ఎందుకింత పెద్దది చేస్తున్నానంటే దిల్‌సుఖ్‌నగర్ చూడు. 21 ఫిబ్రవరి 2013, గురువారం సాయంత్రం, సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు నిమిషాల తేడాలో పేలాయి, ఒకటి బస్టాప్ దగ్గర, ఒకటి మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. తర్వాత దర్యాప్తులో తేలింది ఏమిటి? పెట్టినవాళ్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సైకిళ్లు జుమ్మేరాత్ బజార్‌లో కొన్నారు. అంటే ఒక ఇంటి ఓనరు, ఒక పాత సైకిళ్ల వ్యాపారి, వీళ్లను ముఖాముఖి చూసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, వాళ్లకు అనుమానం రావాల్సిన పనీ లేదు, పైగా జుమ్మేరాత్ బజార్‌లో పాత సైకిల్ కొన్న ప్రతివాణ్నీ అనుమానిస్తే సగం హైదరాబాద్ లోపలుండాలి. కానీ ఒకవేళ ఎవరికైనా మనసులో ఏదో తేడా కొట్టినా, చెప్పుకోవడానికి తెలిసిన పోలీసు మనిషి ఒకడుండాలి కదా.

ఆ కేసులోనే ఇంకో పాఠం ఉంది. రెండు బాంబుల మధ్య దూరం నడిచి వెళ్లేంత, కానీ ఒకటి మలక్‌పేట స్టేషన్ లిమిట్స్, అంటే హైదరాబాద్ సిటీ, రెండోది సరూర్‌నగర్, అంటే అప్పటి సైబరాబాద్. రెండు ఎఫ్ఐఆర్‌లు, రెండు కమిషనరేట్లు. బాంబు పెట్టేవాడికి మన లిమిట్స్ మ్యాప్ తెలియదు, తెలిసినా లెక్కచేయడు. తర్వాత ఎన్ఐఏ రెండింటినీ తీసుకుంది, 2016 డిసెంబర్లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. పేలుళ్లకు రెండు రోజుల ముందు రాష్ట్రాలకు అలర్ట్ పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి అన్నారు, గుర్తుందా? ఆ అలర్ట్ అనేదాని సంగతి కూడా చెప్పాలి. "రద్దీ ప్రదేశాల్లో దాడికి అవకాశం, అప్రమత్తంగా ఉండగలరు" అని వస్తుంది. ఏ ఊరో ఉండదు, ఏ రోజో ఉండదు. కోఠి, అబిడ్స్, చార్మినార్, అమీర్‌పేట, సికింద్రాబాద్ స్టేషన్, మన దగ్గర రద్దీ లేని చోటేది? పంపినవాళ్లు పంపామంటారు, అందుకున్నవాళ్లు పికెట్లు వేసి రెండు రోజులయ్యాక తీసేస్తారు. అలర్ట్‌కి ప్రాణం పోసేది లోకల్‌గా ఎవడో ఒకడు ఇచ్చే చిన్న ముక్క, అది లేనిదే ఆ కాగితం ఫైల్లోకే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, కొందరికి నచ్చదు, ఫర్వాలేదు.

18 మే 2007, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ వెంటనే బయట గొడవ, పోలీసు కాల్పుల్లో మరో 5 మంది. మూడు నెలలు తిరిగేసరికి ఆగస్టు 25న లుంబినీ పార్క్, గోకుల్ చాట్, 42 ప్రాణాలు, అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఇంకొకటి దొరికింది. ఆ ఏడాది డిపార్ట్‌మెంట్ మీద ఉన్న ఒత్తిడి ఎలాంటిదో నేను చూశాను, పైనుంచి కింది దాకా ఎవరికీ నిద్రల్లేవు. ఆ ఒత్తిడిలో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో కుర్రాళ్లను ఎత్తుకెళ్లి ప్రశ్నించారు. చిత్రహింసలు పెట్టారని మైనారిటీస్ కమిషన్ తరఫున వెళ్లిన అడ్వొకేట్ రిపోర్ట్ ఇచ్చారు. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు, కొందరికి తర్వాత ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. మక్కా మసీదు దర్యాప్తు సీబీఐ చేతుల్లో ఉండగానే పూర్తిగా వేరే దిక్కు తిరిగింది, తర్వాత ఎన్ఐఏకి వెళ్లింది, హిందుత్వ సంస్థలతో సంబంధాలున్నాయన్న మనుషుల మీద చార్జిషీటు వేశారు, 2018 ఏప్రిల్లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. అంటే ఆ మసీదులో చచ్చిపోయిన 9 మందికి సంబంధించి ఒక్కరికి కూడా శిక్ష పడలేదు.

నేను ఇక్కడ న్యాయం అన్యాయం గురించి ఉపన్యాసం ఇవ్వట్లేదు, అది వేరేవాళ్లు బాగా చెప్తారు. పనిలో ఏం నష్టం జరిగిందో చెప్తున్నా. ఆ తర్వాత ఒక రెండేళ్లు నేను చాయ్ హోటల్లోకి వెళ్తే పక్క టేబుల్ ఖాళీ అయ్యేది. అంతకుముందు "ఆయియే సాబ్" అని ఉస్మానియా బిస్కెట్ ప్లేటు ముందుకు జరిపే పెద్దమనుషులు తల దించుకుని పేపర్ చదివేవాళ్లు. ఒక అబ్బాయిని పొరపాటున ఎత్తుకెళ్తే ఆ అబ్బాయి ఒక్కడు కాదు పోయేది, వాళ్ల నాన్న, మామ, మేనబావ, గల్లీ చివర జిరాక్స్ షాపువాడు, ఇంతమంది నోళ్లు మూతపడతాయి. బయట దేశం నుంచి వచ్చి ఇక్కడి పిల్లలకు మాయమాటలు చెప్పేవాడి గురించి అందరికంటే ముందు తెలిసేది ఆ పిల్లల ఇళ్లలోనే, మసీదు కమిటీలోనే. తన కొడుకు ఫోన్లో ఏవో వీడియోలు చూస్తూ మనిషి మారిపోతున్నాడని భయపడే తండ్రి మన దగ్గరికి రావాలంటే, వస్తే కొడుకు జైలుకు కాకుండా ఇంటికే తిరిగొస్తాడన్న నమ్మకం ఉండాలి. అలా వచ్చిన తండ్రులు ఉన్నారు. కౌన్సెలింగ్ చేసి పంపిన పిల్లలు ఉన్నారు, వాళ్లలో ఒకరిద్దరి పెళ్లిళ్లకు దావత్ కూడా తిన్నాను. ఇది ఏ రికార్డులోనూ "డిటెక్షన్" కింద, అంటే ఛేదించిన కేసు కింద రాదు.

అందుకే కార్డన్ సెర్చ్ మీద నాకు మొదటినుంచీ మంచి అభిప్రాయం లేదు. అర్ధరాత్రో తెల్లవారుజామునో వందమంది పోలీసులు బస్తీని చుట్టుముట్టి, కాగితాల్లేని బైకులు ముప్పై సీజ్ చేసి ఫొటో దిగుతారు. దొంగ బైకులు దొరికితే మంచిదే. ఇంటెలిజెన్స్ అని మాత్రం దానికి పేరు పెట్టకండి.

కెమెరాల గురించి కూడా అడుగుతారు ఎలాగూ. 2013 పేలుళ్ల తర్వాతే జనం ఎక్కువగా వచ్చే షాపులు, హాళ్లు, ఆస్పత్రులు సీసీటీవీ పెట్టాలని చట్టం వచ్చింది, తర్వాత "నేను సైతం" అని కాలనీలవాళ్లతో పెట్టించారు, 2022లో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టారు. నేరం జరిగాక మనిషిని పట్టుకోవడానికి కెమెరా లాంటిది లేదు, చైన్ స్నాచింగ్ కేసుల్లో దాని విలువ మేం కళ్లారా చూశాం. కానీ జరగకముందు అది ఏం చెప్తుంది? సైకిల్ తోసుకుంటూ పోతున్న మనిషిని చూపిస్తుంది, అంతే. ఫేస్ రికగ్నిషన్ మీద హైకోర్టులో పిటిషన్ కూడా పడింది, రోడ్డు మీద ఆపి మాస్క్ తీయమని ఫొటో తీసుకోవడానికి ఏ చట్టం అనుమతించిందని. నీ సర్వీసులో ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది, ఇప్పటినుంచే చదువుకో.

ఫోన్ల విషయం ఇంకా సీరియస్. ఫోన్ వినాలంటే రాష్ట్రంలో హోం సెక్రటరీ ఆర్డర్ ఉండాలి, ఒక ఆర్డర్ 60 రోజులు, పొడిగించుకున్నా 180 దాటకూడదు, దాని మీద రివ్యూ కమిటీ ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే ఈ పద్ధతంతా వచ్చింది. ఇదంతా ఎందుకుందో తెలుసుకోవాలంటే 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు చూడు. మావోయిస్టుల మీద పనిచేయాల్సిన విభాగంలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. నీకు నేను చెప్పేది ఒక్కటే, పైవాడు నోటిమాటగా "ఈ నంబర్ ఒకసారి చూడు" అంటే కాగితం అడుగు. అడిగితే కోపం వస్తుంది, ట్రాన్స్‌ఫర్ కూడా రావచ్చు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ పట్టుకుని పిల్లలతో ఇంకో ఊరు పోవచ్చు, ముద్దాయిగా మాత్రం పోకు.

సమాచారం వేరు, సాక్ష్యం వేరు అనేది అకాడమీలో చెప్తారు, కానీ ఒంటికి పట్టదు. 12 అక్టోబర్ 2005న, దసరా రోజు, బేగంపేటలో టాస్క్‌ఫోర్స్ ఆఫీసులోకి మనిషి నడుచుకుంటూ వచ్చి పేల్చుకున్నాడు. మన హోంగార్డు ఒకాయన చనిపోయాడు. మన ఆఫీసులోనే, మన మనిషే. 2017లో ఆ కేసులో నిందితులు 10 మందినీ కోర్టు నిర్దోషులని వదిలేసింది. "మాకు తెలుసు వాడేనని" అనే మాట కోర్టు బయట ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, దాని ఆధారంగా దొరికిన వస్తువు వరకే చెల్లుతుంది. ఇప్పుడు కొత్త చట్టాల్లో సెర్చ్ చేసేటప్పుడు వీడియో తీయాలి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హ్యాష్ వాల్యూతో, అంటే ఫైలు మార్చలేదని చూపే డిజిటల్ ముద్రతో సర్టిఫికెట్ ఉండాలి. ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) కేసును ఏసీపీ ర్యాంకుకు తక్కువ అధికారి దర్యాప్తు చేయకూడదు, కాబట్టి నీ చేతికి రాదు, కానీ ఆ ఏసీపీ చేతిలో పెట్టే మొదటి ముక్క నీదే. అందుకే రిపోర్ట్ రాసేటప్పుడు మూడు సంగతులు విడివిడిగా రాయి. సోర్స్, అంటే నీకు సమాచారం ఇచ్చేవాడు, తన కళ్లతో చూసింది ఏది, ఎవరో చెప్పగా విన్నది ఏది, నీ అంచనా ఏది. ఈ మూడూ కలిపి "విశ్వసనీయ సమాచారం మేరకు" అని ఒక్క వాక్యంలో కుక్కేస్తారు చూడు, సగం కేసులు అక్కడే చెడిపోతాయి. ఇంకా ఒకటి, "ఏమీ లేదు" అని రాయడానికి సిగ్గుపడకు. ఖాళీ రిపోర్ట్ పంపితే ఏమంటారోనని పుకారు ఎక్కించేవాళ్లు ఉంటారు, ఆ పుకారు పై ఆఫీసుకు వెళ్లి, అక్కడినుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లి, వారం తర్వాత అలర్ట్ అయి మళ్లీ నీ దగ్గరికే వస్తుంది.

బాంబ్ బెదిరింపు కాల్స్, మెయిల్స్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. దాదాపు అన్నీ ఉత్తవే, అయినా ప్రతిసారీ స్క్వాడ్, కుక్క, ఖాళీ చేయించడం అన్నీ చేయాల్సిందే.

ఈ ఉద్యోగంలో గెలుపు ఎలా ఉంటుందో చెప్పమంటే నేను 2023 చెప్తా, అప్పటికి నేను రిటైరై బయటే ఉన్నా. ఆ ఏడాది నిమజ్జనం, మిలాదున్నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు చార్మినార్ మీదుగానే ట్యాంక్‌బండ్‌కు పోవాలి, మిలాద్ జులూస్ తిరిగేదీ అవే రోడ్లు. ఒకే రోజు రెండూ వస్తే ఒక్క రాయి చాలు. మిలాద్ కమిటీల పెద్దలు జులూస్‌ను అక్టోబర్ 1కి మార్చుకున్నారు, మరుసటి ఏడాది కూడా అలాగే జులూస్ వాయిదా వేసుకున్నారు. వాళ్ల పెద్దమనసే, అందులో సందేహం లేదు. కానీ అలాంటి మాట కుదరాలంటే ఏ కమిటీలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరితో ముందు మాట్లాడితే ఎవరికి కోపమొస్తుంది, ఎవరింటికి పోయి చాయ్ తాగాలి అనేది పోలీసులో ఎవడికో ఒకడికి తెలిసుండాలి. ఆ ఎవడో ఒకడే స్పెషల్ బ్రాంచ్.

ప్రమాదం గురించి నువ్వు అడగలేదు, ఇంట్లోవాళ్లు అడుగుతారు. గ్రేహౌండ్స్‌ను తయారుచేసిన వ్యాస్ గారిని 1993లో ఎల్బీ స్టేడియంలో జాగింగ్ చేస్తుంటే కాల్చి చంపారు. నీ స్థాయిలో అంత ఉండదు, కానీ రోజూ ఒకే దారి, ఒకే టైమ్ అలవాటు చేసుకోకు, ఫేస్‌బుక్‌లో యూనిఫాం ఫొటోలు ఇప్పుడే తీసేయ్. సోర్స్ పేరు భార్యకు కూడా చెప్పకు, ఫోన్లో అసలు పేరుతో సేవ్ చేయకు. సోర్స్‌కు ఇచ్చే డబ్బు సంగతి పైఅధికారికి తెలిసే జరగాలి, లేకపోతే రేపు వాడు ఏదైనా కేసులో ఇరుక్కుంటే నీ పేరే చెప్తాడు.

చివరిగా నీ ప్రశ్నకు సూటిగా. వెళ్లొచ్చు, కానీ అకాడమీ నుంచి నేరుగా వద్దు. ముందు సిటీలో స్టేషన్ చెయ్యి, వీలైతే పాతబస్తీలో, క్రైమ్ చూడు, కేస్ డైరీ రాయడం నేర్చుకో, కోర్టులో డిఫెన్స్ లాయర్ చేతిలో రెండుసార్లు చీవాట్లు తిను. ఒక గణేశ్ సీజను, ఒక మొహర్రం బందోబస్తు రోడ్డు మీద నిలబడి చూశాక విల్లింగ్‌నెస్ పెట్టు. ఈలోపు ఉర్దూ చదవడం నేర్చుకో, మాట్లాడటం అందరికీ వస్తుంది, చదవడం వచ్చిన తెలుగు ఎస్ఐలు చాలా తక్కువ, స్పెషల్ బ్రాంచ్‌లో ఆ ఒక్కదానికే నిన్ను వెతుక్కుంటూ వస్తారు. మీ అకాడమీకి పేరున్న రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి గారు వనపర్తి వైపు నుంచి వచ్చి నిజాం కాలంలో ఈ ఊరికి 1920 నుంచి 1934 దాకా కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా చేశారు, ఆయన గురించి లైబ్రరీలో దొరికింది చదువు. ప్రమోషన్ల మాట అడిగితే, నా బ్యాచ్‌లో లా అండ్ ఆర్డర్ వదలనివాళ్లు కొందరు నాకంటే ఒక మెట్టు పైన రిటైరయ్యారు. అది నీకు బాధనిపిస్తుందనుకుంటే స్టేషన్‌లోనే ఉండు, అక్కడా మంచి పని ఉంది.